హోర్యూజి చెక్క విహారాన్ని తనివితీరా చూడటం ఎలా?

పిల్లల దగ్గరికని ఒసాకా, క్యోటో వచ్చే మనవాళ్లు ఎక్కువగా అడిగే మాట ఇది: "హోర్యూజికి వెళ్లొచ్చామండీ. బాగానే ఉంది, కానీ అరగంటలో అయిపోయింది. అందరూ అంత గొప్పగా ఎందుకు చెబుతారు? మేమేమైనా వదిలేశామా?"

వదిలేశారు. మొదటిసారి నేనూ వదిలేశాను. నలభై నిమిషాల్లో నాలుగు ఫోటోలు తీసుకుని రైలెక్కాను. పగోడా వెనకవైపు ఏముందో ఇంటికొచ్చాక తెలిసి, మళ్లీ వెళ్లేదాకా మనసు కుదుటపడలేదు. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెలియాల్సింది కొంచెమే. జపాన్‌లోని నారా దగ్గర ఇకరుగా అనే చిన్న ఊళ్లో ఉంది ఈ బౌద్ధ విహారం. సుయికో మహారాణి, షోతోకు యువరాజు దీన్ని 607లో కట్టించారు. 670లో కాలిపోయిందని జపాన్ పాత చరిత్రలో రాసి ఉంది. ఆ తర్వాత, ఏడో శతాబ్దం చివర్లో, ఎనిమిదో శతాబ్దం మొదట్లో మళ్లీ కట్టిన మందిరాలే ఇప్పుడు మనం చూసేవి. ప్రపంచంలో ఇంకా నిలబడి ఉన్న చెక్క కట్టడాల్లో ఇవే అత్యంత పాతవి. యునెస్కో 1993లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ చూడాల్సింది ముందు కలప, ఆ తర్వాతే విగ్రహాలు. చాలామంది దీన్ని తిరగేసి చూస్తారు. అందుకే అరగంటలో అయిపోతుంది.

కావలసినవి

- కనీసం మూడు గంటలు. పక్కనే ఉన్న చూగూజి మఠం కూడా చూడాలంటే ఇంకో అరగంట.
- నగదు. 2025 మార్చి నుంచి పెద్దలకు టికెట్ 2,000 యెన్లు. చూగూజికి విడిగా కట్టాలి.
- చిన్న బైనాక్యులర్. ఇది లేకపోతే సగం చూడనట్టే. చూరు కింద పనితనం, పగోడా శిఖరం కంటికి అందవు.
- గులకరాళ్ల మీద నడవడానికి పనికొచ్చే చెప్పులు లేదా బూట్లు. చూగూజిలో విప్పాలి కాబట్టి సులువుగా వచ్చేవైతే మంచిది. చలికాలంలో మందపాటి సాక్సు వేసుకోండి.
- శాకాహారులు తిండి వెంట తెచ్చుకోండి. ఇక్కడి పులుసుల్లో, నూడుల్స్‌లో చేప రసం దాదాపు తప్పనిసరిగా ఉంటుంది. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే రోజంతా టెన్షన్ ఉండదు. విహారం లోపల మాత్రం తినకండి. బయట దారి పక్కన కూర్చుని తినండి.

తేకూడనివి కూడా చెప్పాలి. కర్పూరం, అగరొత్తులు, అగ్గిపెట్టె, దీపం వత్తులు హోటల్ గదిలోనే వదిలేయండి. గుడికి వెళ్తున్నాం కదా అని మన పెద్దవాళ్లు సంచిలో వేసుకుంటారు. ఇక్కడ ఎందుకు వద్దో ఏడో మెట్టులో చెబుతాను.

1. రోజును, వేళను ముందే ఎంచుకోండి

పొద్దున 8కే తెరుస్తారు. ఫిబ్రవరి 22 నుంచి నవంబర్ 3 దాకా సాయంత్రం 5 వరకు, మిగతా చలికాలంలో 4:30 వరకే ఉంటుంది. తొమ్మిదిలోపు లోపల ఉండేలా చూసుకోండి. పది దాటాక బడిపిల్లల బస్సులు వరసగా వస్తాయి. ఆ సందడిలో చీకటి మందిరాల ముందు నింపాదిగా నిలబడటం కుదరదు.

తూర్పు ఆవరణలో యుమెదోనో మందిరంలోని గుజె కన్నోన్ (అవలోకితేశ్వర బోధిసత్త్వుడు) విగ్రహం చూడాలనుకుంటే ఏప్రిల్ 11 నుంచి మే 18 మధ్య గానీ, అక్టోబర్ 22 నుంచి నవంబర్ 22 మధ్య గానీ రావాలి. మిగతా రోజుల్లో తలుపులు మూసే ఉంటాయి.

వాన పడుతుందని ప్రయాణం మానుకోకండి. అంత ముందుకు చాచిన చూరు ఎందుకు పెట్టారో వానలో నిలబడితేనే తెలుస్తుంది. నీళ్లు గోడకు, స్తంభాలకు ఎంత దూరంగా పడుతున్నాయో చూడండి. పదమూడు వందల ఏళ్లు కలప కుళ్లకుండా ఉండటానికి సగం కారణం అక్కడే ఉంది.

2. సరైన స్టేషన్‌లో దిగండి

మీరు దిగాల్సింది జేఆర్ (జపాన్ రైల్వే) యమతోజి లైన్‌లోని హోర్యూజి స్టేషన్. ఒసాకా నుంచి సుమారు 40 నిమిషాలు, తెన్నోజి నుంచి 25, నారా నుంచి 12 నిమిషాలు పడుతుంది. "యమతోజి కైసోకు" అనే వేగం బండి ఇక్కడ ఆగుతుంది. క్యోటో నుంచి వచ్చేవాళ్లు జేఆర్‌లో నారా దాకా వచ్చి మారాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, జింకలు తిరిగే తోదైజీ గుడి, ఇదీ ఒకటే అనుకుని నారాలోనే దిగిపోవడం. రెండోది, కింతెత్సు నారా స్టేషన్‌కు వెళ్లి హోర్యూజి బండి కోసం వెతకడం. అది వేరే కంపెనీ స్టేషన్. అక్కడి నుంచి జేఆర్ నారా స్టేషన్‌కు పావుగంటకు పైగా నడవాలి.

హోర్యూజి స్టేషన్ నుంచి విహారానికి ఇరవై నిమిషాల నడక. నడవలేకపోతే దక్షిణం వైపు బయటకొచ్చి 72 నంబర్ బస్సు ఎక్కండి.

3. పెద్ద ద్వారం దగ్గర తొందరపడకండి

పైన్ చెట్ల దారి చివర దక్షిణ మహాద్వారం వస్తుంది. ఇది 1438లో మళ్లీ కట్టినది. దాటగానే రెండు పక్కలా ఉన్న గోడల్ని గమనించండి. మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేసి లేపిన గోడలివి. పొరల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. మన పల్లెల్లో మట్టిగోడలు పెట్టడం చూసినవాళ్లకు ఇక్కడ రెండు నిమిషాలు ఆగాలనిపిస్తుంది.

గడప మీద కాలు పెట్టకండి, దాటి వెళ్లండి. ఇంట్లో అమ్మమ్మ చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది.

4. మధ్య ద్వారం: స్తంభాల నడుము చూడండి

ఎదురుగా మధ్య ద్వారం ఉంటుంది. అటూ ఇటూ ఇద్దరు ద్వారపాలకులు, ఒకరు ఎరుపు, ఒకరు నలుపు. 711లో చేసిన మట్టి విగ్రహాలివి. వాటిని చూశాక స్తంభాలకేసి తిరగండి. పైనా కిందా సన్నగా, నడిమికి కాస్త కింద లావుగా ఉంటాయి. దగ్గరగా నిలబడితే తెలియదు. పది అడుగులు వెనక్కి వచ్చి చూడండి.

ఇంకో వింత, ద్వారానికి సరిగ్గా నడుమ ఒక స్తంభం అడ్డంగా ఉంది. ద్వారం మధ్యలో స్తంభం ఎవరైనా పెడతారా అని జపాన్ పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

లోపలికి ఈ ద్వారం గుండా పోనివ్వరు. ఎడమవైపు, అంటే పడమర మూలన, టికెట్ కౌంటర్ దగ్గర నుంచి వెళ్లాలి. టికెట్ పారేయకండి. పడమటి ఆవరణ, నిధిశాల, తూర్పు ఆవరణ, ఈ మూడు చోట్లా అదే చూపించాలి.

5. లోపలికి వెళ్లగానే తల పైకెత్తండి

ప్రాంగణంలో పడమర ఐదంతస్తుల పగోడా, తూర్పున బంగారు మందిరం పక్కపక్కన నిలబడి ఉంటాయి. జపాన్ వాళ్లు ఆ మందిరాన్ని కొందో అంటారు. ఇక్కడే అందరూ ఫోన్ తీస్తారు. మీరు బైనాక్యులర్ తీయండి. బయటి నుంచి ఫోటోలకు అడ్డు లేదు, తర్వాత తీసుకోవచ్చు.

ఈ వరసలో చూడండి:

- చూరు మోసే దిమ్మెలు. మామూలుగా ఇలాంటివి చదరంగా ఉంటాయి. ఇక్కడివి మబ్బుల ఆకారంలో చెక్కారు.
- కొందో పై అంతస్తు కటకటాలు. స్వస్తిక గుర్తును విడగొట్టి అల్లినట్టుంటాయి. వాటి కింద తలకిందులైన ఇంగ్లిష్ V ఆకారపు దిమ్మెలు కనిపిస్తాయి.
- పై చూరుకు నాలుగు మూలలా డ్రాగన్లు చుట్టుకున్న స్తంభాలు. ఇవి మొదటి కట్టడంలోవి కావు. బరువుకు చూరు వంగుతుంటే తర్వాతి కాలం వాళ్లు పెట్టిన ఊతాలు.
- పగోడా శిఖరం. లోహపు వలయాల అడుగున ఇనప కొడవళ్లు గుచ్చి ఉంటాయి. పిడుగు పడకుండా పెట్టారని స్థానికులు చెప్పుకుంటారు.

పగోడా అంతస్తులు లెక్కపెట్టమంటే చాలామంది ఆరంటారు. అట్టడుగున ఉన్న పలకల కప్పు తర్వాత చేర్చిన వసారా. దాన్ని వదిలేసి లెక్కపెట్టండి, ఐదు వస్తే సరిగా చూసినట్టు. అన్నిటికన్నా పై కప్పు వెడల్పు కింది కప్పులో సగమే. అందుకే సుమారు 32 మీటర్ల ఎత్తున్నా మీద పడుతున్నట్టు అనిపించదు.

దీని నడుమ కింద నుంచి శిఖరం దాకా ఒకే నిట్టాడు ఉంది. మన పూరింటికి నిట్టాడు ఎలాగో అలాగే, కానీ అంతస్తుల బరువు దీని మీద ఉండదు. శిఖరాన్ని మాత్రమే మోస్తుంది. చెట్టు వలయాలు లెక్కగడితే ఆ మాను 594లో నరికినదని తేలింది. పగోడా కట్టింది దాదాపు వందేళ్ల తర్వాత. ఆ మాను అన్నేళ్లు ఎక్కడుందో తేలలేదు.

పగోడా ఎక్కడానికి కాదు, ప్రదక్షిణకు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాల వారసత్వమే చైనా, కొరియా దాటి ఇక్కడ చెక్క రూపం తీసుకుంది. అందుకే అడుగున ధాతువులు, అంటే బుద్ధుడి అస్థి అవశేషాలు, ఉంటాయి. మన దగ్గర మహాచైత్యాలకు పునాది ఇటుకలే మిగిలాయి. శిఖరంతో సహా నిలిచిన ఈ రూపం ముందు నిలబడితే, అమరావతి చూసి వచ్చినవాళ్లకు గొంతు పట్టేస్తుంది. నాకు పట్టేసింది.

6. పగోడా చుట్టూ నాలుగు వైపులా తిరగండి, ఉత్తరం వదలొద్దు

కింది అంతస్తు నాలుగు వైపులా గుహల్లాంటి అరల్లో 711 నాటి చిన్న చిన్న మట్టి బొమ్మలున్నాయి. దక్షిణాన రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి లోకం, పడమర బుద్ధుడి ధాతువుల పంపకం, ఉత్తరాన ఆయన మహాపరినిర్వాణం (మరణం), తూర్పున గృహస్థ భక్తుడు విమలకీర్తి, బోధిసత్త్వుడు మంజుశ్రీల సంవాదం. దక్షిణం నుంచి మొదలుపెట్టి కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగితే ఈ వరసలోనే వస్తాయి.

అరల ముందు జాలీ ఉంటుంది, లోపల చీకటి. వచ్చినవాళ్లు ఒక్క క్షణం తొంగిచూసి "ఏమీ కనబడట్లేదు" అని వెళ్లిపోతారు. ఫోన్ లైటు వేయకండి. ఎండ పడకుండా చేత్తో కళ్ల పక్కన అడ్డు పెట్టుకుని, అరవై దాకా లెక్కపెట్టండి. నెమ్మదిగా ఒక్కో ముఖం తేలుతుంది.

ఉత్తరం వైపు వెనక పడుతుంది కాబట్టి చాలామంది అక్కడిదాకా రారు. అక్కడ పడుకుని ఉన్న బుద్ధుడి ముందు శిష్యులు గుండెలు బాదుకుంటూ, నోరు తెరిచి ఏడుస్తుంటారు. జానెడో మూరెడో ఉన్న మట్టి బొమ్మలు. ఎవరో చనిపోయిన ఇంట్లో మనం విన్న ఏడుపే అది. మొదటిసారి నేను చూడకుండా వచ్చేసింది ఇదే. హోర్యూజిలో ఒక్కటే చూడగలిగే సమయం ఉంటే దీన్నే చూడమంటాను.

7. కొందో లోపల: నెమ్మదిగా, ఏదీ తాకకుండా

లోపల ఫోటోలు నిషేధం. మధ్యలో శాక్యముని, ఇద్దరు అనుచరులతో ఉన్న కంచు విగ్రహం. తోరి అనే శిల్పి 623లో చేసినట్టు వెనక ప్రభావళి మీద చెక్కి ఉంది. చుట్టూ నలుగురు చెక్క దిక్పాలకులు. భయపెట్టే ముఖాలు కావు, నిశ్చలంగా భూతాల మీద నిలబడి ఉంటారు. జపాన్‌లో ఉన్న దిక్పాలక విగ్రహాల్లో ఇవే పాతవి.

గోడల మీద బొమ్మలు చూసి "అజంతాలా ఉన్నాయే" అంటారు మనవాళ్లు. నిజమే. ఆ పోలిక మొదటి నుంచీ అందరూ చెప్పేదే. టాగూర్ పిలుపు మీద కలకత్తా వచ్చి, అజంతా చిత్రాలకు నకళ్లు తీసిన అరాయ్ కంపో అనే చిత్రకారుడు, 1940లో ఇక్కడ నకళ్లు తీయడం మొదలుపెట్టిన బృందాల్లో ఉన్నారు.

కానీ మీరు చూస్తున్నవి అసలువి కావు. 1949 జనవరి 26న, నకళ్ల పని, మరమ్మతులు నడుస్తుండగా లోపల మంటలు లేచాయి. పదమూడు వందల ఏళ్లు నిలిచిన రంగులు కొద్ది గంటల్లో పోయాయి. మరమ్మతు కోసం పై అంతస్తు ముందే విప్పి పెట్టడంతో మందిరం దక్కింది. గోడల పై భాగంలోని ఎగిరే దేవతల చిన్న బొమ్మలు కూడా ముందే తీసి ఉంచడంతో మిగిలాయి. ఇప్పుడున్న పెద్ద చిత్రాలు 1968లో అమర్చిన నకళ్లు. ఆ మంట తర్వాతే, 1950లో, జపాన్ తన సాంస్కృతిక సంపద రక్షణ చట్టం చేసుకుంది. ఏటా జనవరి 26న దేశమంతా పాత గుళ్లలో అగ్నిమాపక సాధన చేస్తారు.

కర్పూరం వద్దన్నది ఇందుకే. స్తంభానికి బొట్టు పెట్టడం, నూనె చేతులతో తాకడం, తట్టి చూడటం కూడా వద్దు. చేతులు జోడించి మౌనంగా దండం పెట్టుకోండి, చాలు. చప్పట్లు కొట్టకండి, అది జపాన్ దేశీయ మతమైన షింతో గుళ్ల పద్ధతి.

8. ఉపన్యాస మందిరంలో కాసేపు ఆగి, చూసింది సరిచూసుకోండి

ప్రాంగణం చివర ఉన్న పెద్ద మందిరం 925లో పిడుగుకు కాలి, 990లో మళ్లీ లేచింది. విగ్రహాల కన్నా ఇక్కడి ప్రశాంతత నాకు ఇష్టం. బయటకు వెళ్లేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి:

- ఏడుస్తున్న శిష్యులు ఏ దిక్కున ఉన్నారు?
- చూరు దిమ్మెల ఆకారం ఏమిటి?
- ఒకే స్తంభంలో పాత కలప, కొత్త కలప కలిసిన అతుకు ఒక్కటైనా కనిపించిందా?
- చెక్క ఉపరితలం మీద చిన్న అలల్లాంటి గుర్తులు చూశారా?

చివరి రెండిటికీ జవాబు లేకపోతే వెనక్కి వెళ్లి ప్రాంగణం చుట్టూ ఉన్న వసారాలో స్తంభాల వెంట ఒక చుట్టు తిరగండి. ఇక్కడి వడ్రంగులు కుళ్లిన భాగాన్ని మాత్రం కోసి, అంతమేరకే కొత్త హినోకి (జపాన్ సైప్రస్) కలప దించుతారు. మిగతాది అలాగే ఉంచుతారు. అలల గుర్తులు ఈటె ఆకారపు పాత చిత్రికవి. వాడుక పోయిన ఆ పనిముట్టును తరతరాలుగా హోర్యూజి వడ్రంగులైన కుటుంబంలో పుట్టిన నిషియోకా త్సునెకజు (1908–1995) మళ్లీ చేయించి పనిలో పెట్టారు.

గైడ్లు, వీడియోలు చెప్పే రెండు మాటలు నమ్మకండి. "ఒక్క మేకు లేకుండా కట్టారు" అంటారు. చేత్తో కొట్టిన ఇనప మేకులు ఉన్నాయి, చాలా గట్టివి. "ఒక్క చెక్కా మార్చలేదు" అంటారు. ఎన్నోసార్లు మార్చారు. 1934లో మొదలైన పెద్ద మరమ్మతు 1985 దాకా సాగింది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఉలి పట్టుకుని శ్రద్ధగా నిలబెడుతూ రావడం వల్లే ఇది మిగిలింది.

9. నిధిశాల

1998లో కట్టిన కొత్త భవనం. రెండిటి దగ్గర ఆగండి. కుదరా కన్నోన్, కర్పూర వృక్షం కలపతో చేసిన సుమారు 2.1 మీటర్ల బోధిసత్త్వుడు. ముందు నుంచి కాక పక్కకు వచ్చి చూడండి, ఒళ్లంతా ఒకే ఒంపులో మంటలా లేస్తుంది. రెండోది తమముషి మందసం. తమముషి అంటే చిన్నప్పుడు మనం అగ్గిపెట్టెలో దాచుకున్న జీరంగి పురుగుకు చుట్టం. దాని రెక్కలు లోహపు అంచుల కింద పరిచారు. ఇప్పుడు కొన్నే మిగిలాయి. మందసం పక్క పలక మీద ఆకలిగొన్న ఆడపులికి ఒళ్లిచ్చిన రాకుమారుడి జాతక కథ ఉంది. బట్టలు విప్పడం, దూకడం, పులుల నోట పడటం, మూడూ ఒకే బొమ్మలో గీశారు. పిల్లలతో వస్తే కథ ముందే చెప్పి తీసుకెళ్లండి, వాళ్లే వెతుక్కుంటారు.

10. తూర్పు ఆవరణ, చూగూజి

పది నిమిషాలు తూర్పుకు నడిస్తే ఎనిమిది మూలల యుమెదోనో, 739 నాటిది. తలుపు తెరిచే రోజుల్లో వచ్చినా గుజె కన్నోన్ మసక చీకట్లో ఉంటుంది. కళ్లు అలవాటుపడేదాకా జాలీ వదలకండి. ఈ విగ్రహాన్ని శతాబ్దాల పాటు గుడ్డలు చుట్టి దాచారు. 1884లో అమెరికన్ పండితుడు ఫెనొలోసా, ఆయన శిష్యుడైన జపాన్ కళాపండితుడు ఒకకురా పట్టుబట్టి తెరిపించారు.

వెనకనే చూగూజి, సన్యాసినుల మఠం. చెంప దగ్గర వేళ్లు ఆనీ ఆనకుండా పెట్టుకుని ఆలోచిస్తున్న బోధిసత్త్వుడు ఇక్కడ ఉన్నాడు. కాళ్లు నొప్పులుగా ఉన్నా ఇది మానకండి. బూట్లు విప్పి ఆ విగ్రహం ఎదురుగా కాసేపు కూర్చోండి.

సమయం తక్కువుంటే, పెద్దవాళ్లు వెంట ఉంటే

గంటన్నరే ఉంటే 3, 9, 10 వదిలేయండి. 4 నుంచి 8 వరకు మాత్రం తగ్గించకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గులకరాళ్ల నడక, మందిరాల మెట్లు కష్టం. వాళ్లను వసారా నీడలో ఉంచి, మీరు పగోడా ఉత్తరం వైపు ఖాళీగా ఉందో లేదో చూసి వచ్చి, చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లండి. తిరుగు బస్సు వేళలు దిగినప్పుడే స్టాప్ దగ్గర ఫోటో తీసిపెట్టుకోండి.